రిగ్రెషన్‌లో పరస్పర ప్రభావం

ఒక కారకం చూపే ఫలితం మరో కారకం స్థాయిని బట్టి మారితే ఆ రెంటి మధ్య పరస్పర ప్రభావం, అంటే ఇంటరాక్షన్, ఉందంటారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో పత్తి వేసేవారికి ఇది తెలిసిన సంగతే. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద తడి అందిన చేలో యూరియా పైరుకు పడుతుంది. వర్షాధారపు చేలో నేల ఎండితే వేళ్లు దాన్ని తీసుకోలేవు.

రిగ్రెషన్ సమీకరణంలో దీన్ని రెండు చలరాశుల లబ్ధంగా చేరుస్తారు. ఎకరా దిగుబడిని క్వింటాళ్లలో, యూరియాతో అందే నత్రజనిని కిలోల్లో, తడులను సంఖ్యలో తీసుకుందాం. అంకెలు ఉదాహరణకు ఊహించినవి:

దిగుబడి = 4 + 0.01 × నత్రజని + 0.5 × తడులు + 0.02 × నత్రజని × తడులు

ఎక్కువమంది పొరబడేది 0.01 దగ్గర. అది నత్రజని సగటు ప్రభావం కాదు, ఒక్క తడీ ఇవ్వని చేలో కిలోకు వచ్చే పెరుగుదల. ఆ గుణకం చిన్నదిగా ఉందని నత్రజని దండగ అని తేల్చేస్తే కాలువ కింది రైతుకు అన్యాయం చేసినట్టే. తడులను 0 నుంచి కాక 1 నుంచి కొలిస్తే అదే గుణకం 0.03 అవుతుంది. లబ్ధపు గుణకం 0.02 మాత్రం కదలదు.

అందుకే పట్టిక కన్నా పటం మేలు. అడ్డంగా నత్రజని, నిలువుగా దిగుబడి పెట్టి తడుల స్థాయికొక గీత గీయాలి. తడి లేని గీత 4 దగ్గర మొదలై 60 కిలోలకు 4.6 చేరుతుంది, రెండు తడుల గీత 5 నుంచి 8కి లేస్తుంది. గీతలు సమాంతరంగా సాగితే పరస్పర ప్రభావం లేనట్టు. విచ్చుకుంటే ఉన్నట్టు. కొలిచిన పరిధిలోనే ఒకదాన్నొకటి కోసుకుంటే, ఏది మేలన్న సిఫారసే తిరగబడుతుంది. సగటుకు అటూ ఇటూ ఒక ప్రామాణిక విచలనం దూరంలో గీతలు గీయడం అలవాటుగా వస్తోంది; ఇక్కడ అలా చేస్తే సున్నాకన్నా తక్కువ తడులు రావచ్చు. చేలో నిజంగా ఇచ్చే 0, 1, 2 తడులకే గీయడం సబబు. గీతలకు విశ్వాస పట్టీలు, అంటే అంచనాలోని అనిశ్చితిని చూపే అంచులు, కూడా ఉండాలి. రెండు గుంపుల మధ్య తేడా ఏ పరిధిలో నమ్మదగినదో తేల్చే పద్ధతిని గణాంకవేత్తలు జాన్సన్, నేమన్ 1936లో ఇచ్చారు.

ఈ ఆలోచన పుట్టింది పొలంలోనే. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో గణాంకవేత్తలు ఫిషర్, మెకెంజీ 1923లో బంగాళాదుంప రకాలు ఎరువులకు ఎలా స్పందిస్తాయో విశ్లేషించారు. ఒక్కో కారకాన్నే విడిగా పరీక్షించాలన్న అప్పటి పద్ధతిని 1926లో ఫిషర్ కాదన్నాడు. వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు, ఎన్నో కారకాలను తక్కువ మడులతో పరీక్షించేందుకు వీలిచ్చే అమరికలను 1940ల్లో రూపొందించాడు.

గుంటూరు పక్కన లాంలో ఉన్నదానిలాంటి పరిశోధనా క్షేత్రాల్లో నీటి ప్రయోగాలకు ఒక చిక్కుంది. ఒక మడి నీరు పక్క మడికి ఊరుతుంది. కాబట్టి నీటిని పెద్ద మడులకు, నత్రజనిని వాటిలోని ఉపమడులకు కేటాయించడం రివాజు. అలాంటి దత్తాంశంలో ప్రతి ఉపమడినీ స్వతంత్రమైనదిగా తీసుకుని మామూలు రిగ్రెషన్ చేస్తే, నీటి ప్రభావం ఉన్నదానికన్నా కచ్చితంగా తెలిసినట్టు కనబడుతుంది. పెద్ద మడుల దోషాన్ని విడిగా లెక్కగట్టాలి.