పాలు పోసేవాళ్ళూ, బల్లెం దూసేవాళ్ళూ

డ్రాగన్ అంటే ఏమిటో ఈ కాలం పిల్లలకి మనం చెప్పక్కర్లేదు. వాళ్ళే మనకి చెబుతారు. రెక్కలుంటాయిట, నోట్లోంచి మంటలొస్తాయిట, గుహలో బంగారం మీద పడుకుంటుందిట! "దాన్ని తెలుగులో ఏమంటారమ్మా?" అని అడిగారో, మనం తడుముకోవాల్సిందే.

అలాగని అది మనకి బొత్తిగా పరాయిది కాదు సుమండీ. 1937లో వచ్చిన టోల్కీన్ నవల 'ది హాబిట్'లో స్మాగ్ అనే డ్రాగన్ దోచుకొచ్చిన బంగారం మీద పడుకుంటుంది. లంకెబిందెల మీద పాము కాపలా ఉంటుందని మన అమ్మమ్మలు చెప్పలేదూ? పిసినారి చచ్చి పామై పుట్టి, తన డబ్బునే చుట్టుకుని ఉంటాడనీ అనేవారు. ఏ దేశంలోనైనా దురాశ రూపం ఒక్కటే కాబోలు.

చైనావాళ్ళయితే మన నాగుల్నే డ్రాగన్లని చేసేశారు. బౌద్ధ గ్రంథాలని తమ భాషలోకి మార్చుకుంటూ, 'నాగ' అన్న మాటకి 'లుంగ్' అని రాసుకున్నారు. లుంగ్ అంటే వాళ్ళ డ్రాగన్. నీళ్ళల్లో ఉంటుంది, వానలు కురిపిస్తుంది. అర్జునమంటే మద్దిచెట్టు కదా, అందుకని మన ఆచార్య నాగార్జునుడు అక్కడ 'లుంగ్‌షు', అంటే డ్రాగన్ చెట్టు, అయిపోయాడు!

మన వంశధార ఒడ్డున సాలిహుండం కొండమీద బౌద్ధ స్తూపాలున్నాయి. 1919లో వాటిని వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. ఇక అమరావతి శిల్పాల్లో చూస్తే, ఒక స్తూపాన్ని నాగులు చుట్టుకుని ఉంటాయి. అది రామగ్రామ స్తూపం. బుద్ధుడి ధాతువుల కోసం స్తూపాలన్నీ తెరిపిస్తూ వచ్చిన అశోకుడు దాని దగ్గర మాత్రం ఆగిపోయాడని కథ. 5వ శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన ఫాహియాన్ కూడా ఈ కథ రాశాడు. ఆయన రాతలో ఆ కాపలాదారు లుంగే. అది తన భవనంలో ఉన్న పూజాద్రవ్యాలు చూపించి, "ఇంతకన్నా గొప్పగా పూజించగలిగితే తెరిపించుకో" అందిట. మన కళింగాన్ని కత్తితో గెలిచిన చక్రవర్తి, ఆ మాటకి తలవంచి వెనక్కి తిరిగాడు!

పశ్చిమ దేశాల కథలు వేరు. అక్కడ సెయింట్ జార్జి బల్లెం దూస్తాడు, డ్రాగన్ చస్తుంది, ఊరు ఊపిరి పీల్చుకుంటుంది.

మనవాళ్ళు మాత్రం చంపలేదా అంటే, చంపారు. నీళ్ళని బంధించిన వృత్రుణ్ణి ఇంద్రుడు చంపాడు. జనమేజయుడు ఏకంగా పాముల జాతినే హోమం చెయ్యబోయాడు. 11వ శతాబ్దంలో నన్నయగారు తెలుగులో మొదలుపెట్టిన భారతంలో, ఆదిపర్వంలోనే ఉంది ఆ కథ. తాను ఆడిన పందెంలో మోసానికి సాయపడలేదని కద్రువ కన్నబిడ్డల్నే శపించింది, ఆ యాగంలో చావమని. వాసుకి చెల్లెలు జరత్కారువు ఒక ముని భార్య. సంధ్యవేళ దాటిపోతోందని నిద్రలేపిన పాపానికి ఆ మహానుభావుడు ఆమెని వదిలేసి పోయాడు. అప్పటికే ఆమె గర్భవతి. ఆమె కొడుకు ఆస్తీకుడే వెళ్ళి యాగం ఆపించాడు. కన్నతల్లి శాపం నుంచి ఒక జాతిని గట్టెక్కించింది, మొగుడు వదిలేసిన ఆడపడుచు. ఈ సంగతి మనం ఎంతమందిమి తలుచుకుంటాం చెప్పండి?

నాగావళి అని నదికే పేరున్న సీమ మనది. కార్తీక శుద్ధ చవితినాడు చలిమిడీ, చిమ్మిలీ పట్టుకుని పుట్ట దగ్గరికి వెళతాం. పాము పాలు తాగదని ఇప్పుడు అందరికీ తెలుసు. అయినా వెళతాం. మా జోలికి రాకు, నీ జోలికి మేం రామని ఏడాదికోసారి చెప్పుకునే ఒప్పందం అది.

ఆ ఒప్పందంలో మన వాటా ఒక్కటే, పుట్టని అక్కడ ఉండనివ్వడం. ఊరి చివర పొలాలు ఇళ్ళస్థలాలవుతున్నకొద్దీ బుల్‌డోజరు ముందుగా చదునుచేసేది పుట్టల్నే. పాలు పోసే చేతులే స్థలం కాగితాల మీద సంతకాలూ పెడుతున్నాయి. ఈసారి చవితికి గిన్నెడు పాలు తగ్గినా ఫరవాలేదు. మీ పెరటి మూల పుట్ట ఉంటే, దాని మీద గునపం పడనివ్వకండి.