డాక్టరు చదువుకి పాత కథలెందుకు?

“డాక్టరు కాబోయే పిల్లలకి చరిత్ర ఎందుకండీ?” అని మా పక్కింటావిడ అడిగారు. అమెరికా, కెనడాల్లో వైద్యచరిత్ర మీద మంచి వ్యాసం రాసిన వైద్య విద్యార్థికి 1942 నుంచీ ఆస్లర్ పతకం ఇస్తున్నారు. విలియం ఆస్లరంటే విద్యార్థుల్ని రోగి మంచం దగ్గరికే తీసుకువెళ్ళి పాఠం చెప్పిన మహానుభావుడు. పుస్తకాల పిచ్చి కూడానూ!

ఆ చరిత్రలోదే ఒకటి వినండి. వియన్నా పెద్దాసుపత్రిలో రెండు పురుళ్ళ వార్డులుండేవి. మంత్రసానులు నేర్చుకునే వార్డులో చావులు తక్కువ. వైద్య విద్యార్థుల వార్డులో మాత్రం 1847 ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు జ్వరంతో పోయారు. అక్కడ చేర్చవద్దని తల్లులు మోకాళ్ళ మీద పడి బతిమాలుకునేవారట. శవాల్ని కోసిన చేతులతోనే వచ్చి పురుళ్ళు పోస్తున్నారని సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు గ్రహించాడు. బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్ళతో అందరి చేతులూ కడిగించాడు. జూన్ నాటికి చావులు నూటికి రెండుకి దిగాయి. అయినా పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. మా చేతులు మురికివా అని కాబోలు!

ఆ విద్యార్థులు మన పిల్లల ఈడువాళ్ళే. చెడ్డవాళ్ళు కారు, వాళ్ళకి ఎవరూ చెప్పలేదు, అంతే. పక్కింటావిడ అబ్బాయి ఈ ఏడే మెడికల్ కాలేజీలో చేరాడు. ఆవిడ మరి మాట్లాడలేదు.