సిరను అతికిన కథ

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నారు. నాకు తెలిసింది ఒక్క పనే, దాని గురించే రాస్తున్నాను. అక్కన్నపేట బడిలో లెక్కల సారు నల్లబల్ల మీద వృత్తం గీసి, అంచు మీద సమదూరంలో మూడు చుక్కలు పెట్టి, కలిపితే సమబాహు త్రిభుజం వస్తుందని చూపించారు. ఇదెక్కడ పనికొస్తుందని వెనక బెంచీలో గొణుక్కున్నాం. ఆ మూడు చుక్కలే నాకు బతుకుదెరువయ్యాయి.

నేను చేసేది తల, మెడ కేన్సర్ రోగులకు పునర్నిర్మాణ శస్త్రచికిత్స. గుట్కా, అంబర్ నమిలి నోట్లో పుండు పడినవాళ్లు మన పల్లెల నుంచి కూడా వస్తారు. దవడ తీసిన చోట కాలి సన్న ఎముకను, నాలుక కోసిన చోట ముంజేతి చర్మాన్ని తెచ్చి పెడతాం. ఆ ముక్క బతకాలంటే దాని ధమనిని, సిరను మెడలోని నాళాలకు కలపాలి. ధమని గోడ మందం, నోరు తెరుచుకునే ఉంటుంది. రెండు మూడు మిల్లీమీటర్ల సిర మాత్రం తడి కాగితంలా ముడుచుకుపోతుంది. రక్తం మెల్లగా పారుతుంది కనుక గడ్డకట్టేదీ ఎక్కువగా అక్కడే.

ఈ విద్యకు మూలం కూడా ఒక తెగిన సిరే. 1894లో ఫ్రాన్సు అధ్యక్షుడు సాదీ కార్నో లియాన్ నగరంలో కత్తిపోటుకు గురయ్యాడు. కాలేయానికి పోయే పెద్ద సిర తెగింది. దాన్ని కుట్టడం ఎవరికీ రాలేదు. ఆ ఊళ్లోనే వైద్యం చదువుతున్న అలెక్సిస్ కారెల్‌కు అది మనసులో నాటుకుంది. మదాం లెరూదియే అనే ఎంబ్రాయిడరీ పనిమంతురాలి దగ్గర సన్నని సూదిపని నేర్చుకున్నాడు. నాళం అంచున సమదూరంలో మూడు కుట్లు వేసి లాగితే గుండ్రని నోరు త్రిభుజమవుతుంది, సూది వెనక గోడకు తగలదు. 1902లో ఈ పద్ధతిని ప్రకటించాడు, 1912లో నోబెల్ అందుకున్నాడు. సూది పట్టడం నేర్పినామెకు ఏమీ రాలేదు!

1960లో అమెరికాలో జాకబ్‌సన్, సువారెజ్ మైక్రోస్కోపు కింద సన్న నాళాలను కుట్టి చూపారు. ఆ తరువాతే మా పనికి దారి పడింది.

నేను కొత్తలో చేసిన ఒక కేసు చెప్పాలి. కుట్లన్నీ బాగానే పడ్డాయి. అర్ధరాత్రికి నాలుక మీది ముక్క నీలమై ఉబ్బింది. సూదితో గుచ్చితే నల్లటి రక్తం. తిరిగి తెరిస్తే, సిర ఒక మెలిక తిరిగి ఉంది. తప్పు నాదే. మెలిక విప్పి మళ్లీ కలిపాను కానీ ముక్క దక్కలేదు. మరో ఆపరేషన్ భారం ఆ మనిషే మోశాడు.

జపాన్‌లో నకయామా 1962లోనే ముళ్లున్న ఉంగరాల జతతో నాళాలు కలిపాడు. 1986లో ఓస్త్రప్, బెర్గ్‌గ్రెన్ దాన్ని మెరుగుపరిచారు. మేము కప్లర్ అంటాం. సిర అంచులను ముళ్ల మీదికి మడిచి రెండు ఉంగరాలనూ నొక్కేస్తే చాలు, లోపల దారం ఉండదు, నోరు తెరిచే ఉంటుంది. సిరల సైజు కుదరనప్పుడు మెడలోని పెద్ద సిర పక్కగోడకు కిటికీ కోసి అక్కడ కుడతాం.

ఉంగరమైనా దారమైనా మెలికను కనిపెట్టదు. అందుకే ఇప్పటికీ సిరను కోసే ముందు దాని పొడవునా నీలం సిరాతో ఒక గీత గీస్తాను. కలిపాక ఆ గీత తిన్నగా ఉందో లేదో చూసి, జూనియర్ చేత కూడా చూపించి, అప్పుడే మెడ మూస్తాను.