దోపిడీ కథలో తారల వాటా

భీమవరానికి దగ్గర్లోని యండగండి దివాకర్ల తిరుపతి శాస్త్రి పుట్టిన ఊరు. కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రితో కలిసి తిరుపతి వేంకట కవులుగా ఆయన రాసిన పాండవోద్యోగ విజయాలు గోదావరి, కృష్ణా డెల్టాల్లో దశాబ్దాల తరబడి తెల్లవార్లూ ఆడాయి. పందిట్లో కూర్చున్నవాళ్ళలో కథ తెలియనివాడు ఉండడు. రాయబారం ఫలించదని పసిపిల్లలకూ తెలుసు. అయినా జనం బళ్ళు కట్టుకుని వచ్చింది కృష్ణుడు ఎవరో చూడటానికి. కాంట్రాక్టరు ఒక్కో ఊరి నుంచి ఒక్కో పేరున్న నటుణ్ణి పిలిపించి ఒక రాత్రికి జట్టు కట్టేవాడు. వాళ్ళంతా కలిసి రిహార్సల్ వేసుకున్నది ఉండదు. హార్మోనిస్టుకు శ్రుతి చెప్పి నేరుగా తెర ముందుకు వచ్చేసేవారు. పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, ఏ.వి. సుబ్బారావు లాంటి ఉద్దండులు దొరికితే ఒకే నాటకంలో పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరో కృష్ణుడు. అర్ధరాత్రి దేవుడి ముఖం మారిపోయినా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు సరికదా, ఇద్దరికీ వన్స్‌మోర్‌లు కొట్టారు.

తెలిసిన కథను పెద్ద పేర్లు పైకి లేపగలవా అన్న ప్రశ్నకు ఈ ప్రాంతం నాటకాల పందిట్లోనే ఒక జవాబు చెప్పుకుందన్నమాట. ఆ జవాబులో ఒక షరతు ఉంది. ఏ నటుడికి ఆ నటుడి పద్యాలు విడిగా ఉన్నాయి. రాయబారం కృష్ణుడు పడక సీను కృష్ణుడి పనిలో వేలు పెట్టడు. దోపిడీ సినిమాకు వచ్చేసరికి ఈ షరతే అసలు చిక్కయి కూర్చుంది.

దోపిడీ సినిమా కూడా పద్యనాటకం లాగే ముందే తెలిసిన కథ. ఒక పెద్దమనిషి జైలు నుంచి వస్తాడు, తలో విద్య తెలిసిన నలుగుర్ని కూడగడతాడు, పథకం వేస్తాడు, పని ముగుస్తుంది, పంపకాల దగ్గర బెడిసికొడుతుంది. జాన్ హ్యూస్టన్ 1950లో తీసిన ‘ది ఆస్ఫాల్ట్ జంగిల్’ ఈ చట్రాన్ని దాదాపు ఖాయం చేసింది. 1955లో ఫ్రాన్సులో జూల్స్ డాసిన్ ‘రిఫిఫీ’ తీశాడు. అందులో నగల దుకాణానికి కన్నం వేసే ఘట్టం అరగంట దాకా సాగుతుంది, మాట గానీ సంగీతం గానీ వినిపించదు. అక్కడ తార పనే. చేతులు, ఉలి, గోడ, చెమట. 1960లో ఫ్రాంక్ సినాట్రా బృందం ‘ఓషన్స్ 11’తో దీనికి పూర్తి విరుద్ధమైన దారి పట్టింది. రాత్రిళ్ళు లాస్ వేగాస్ వేదిక మీద పాడుతూ, పగలు అదే ఊళ్ళో అయిదు క్యాసినోలు దోచే సినిమా తీశారు. స్నేహితుల సరదా తెర నిండా కనిపిస్తుంది, దోపిడీ మాత్రం నీరసంగా సాగుతుంది. అదే కథను 2001లో స్టీవెన్ సోడర్‌బర్గ్ మళ్ళీ తీసినప్పుడు జార్జ్ క్లూనీ, బ్రాడ్ పిట్, మాట్ డేమన్ ఉన్నా ఎవరి పని వాళ్ళకు పంచిపెట్టాడు. తారలెక్కువైన ఈ రెండు సినిమాల మధ్య తేడా ఆ పంపకంలోనే ఉంది.

తెలుగులో మొదటి నుంచీ చిక్కు వేరు. ‘రిఫిఫీ’ వచ్చిన 1955లోనే అన్నపూర్ణా పిక్చర్స్ తొలి చిత్రం ‘దొంగ రాముడు’ వచ్చింది. దర్శకుడు కె.వి. రెడ్డి, మాటలు డి.వి. నరసరాజు, జంట అక్కినేని, సావిత్రి. పేరులో దొంగ ఉన్నాడు గానీ సినిమాకు దొంగతనం మీద ఆసక్తి లేదు. కుర్రాడు తల్లి కోసం దొంగిలిస్తాడు, పెద్దయ్యాక చెల్లెలి చదువు కోసం మళ్ళీ దొంగిలిస్తాడు. తాళం ఎలా తీశాడన్నది ప్రేక్షకుడికి అక్కర్లేదు, ఎందుకు తీశాడన్నదే కావాలి. మన పెద్ద తారలతో వచ్చిన దొంగ కథలన్నిటికీ, నా లెక్కలో, మూలరూపం ఇదే. దొంగ తార అయినప్పుడు ఆ దొంగతనానికి ఒక న్యాయం ముందే రాసిపెట్టాలి. 2009లో ‘కిక్’లో రవితేజ కోట్లు కొట్టేసింది జబ్బుపడ్డ పిల్లల వైద్యానికే.

డెబ్బయ్యో దశకం ఈ పట్టు నుంచి కొంత బయటపడింది. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో 1971లో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’లో నిధి వెంటపడే మనుషులంతా కాస్తో కూస్తో కంతిరీలే. ఆరుద్ర ఆ కౌబాయ్ ప్రపంచాన్ని తెలుగు నేలకు తెచ్చిన తీరు చాకచక్యంగా ఉంటుంది. రెండేళ్ళకు, ఆ సినిమా తీసిన పద్మాలయా సంస్థే ఎన్.టి. రామారావునూ కృష్ణనూ కలిపి ‘దేవుడు చేసిన మనుషులు’ తీసింది. జయలలిత, విజయనిర్మల, ఎస్.వి. రంగారావు, జగ్గయ్య, కాంచన, సత్యనారాయణ... పోస్టరు మీద పేర్లు పట్టక ఇబ్బంది పడి ఉంటారు. స్మగ్లర్ల ఆట కట్టించే మామూలు కథే. అది ఘనంగా ఆడిందంటే కథలోని పట్టు వల్ల కాదు, ఇద్దరు పెద్ద హీరోలను ఒకే టిక్కెట్టు మీద చూపించినందుకు. పడక సీనుకొకరు, రాయబారానికొకరు అన్న పాత కాంట్రాక్టరు కిటుకే ఇక్కడా పనిచేసింది.

మరుసటి ఏడాది, 1974లో వచ్చిన ‘అందరూ దొంగలే’ను నేను ఇంకా మెచ్చుకుంటాను. వి.బి. రాజేంద్రప్రసాద్ దర్శకుడు. హిందీలో అశోక్ కుమార్, ప్రాణ్‌లతో విజయం సాధించిన ‘విక్టోరియా నంబర్ 203’కు ఇది రీమేక్. గుర్రబ్బండిలో దాచిన వజ్రాల కోసం ఇద్దరు ముసలి దొంగలు పడే పాట్లు కథ. శోభన్‌బాబు, లక్ష్మి అనే యువజంట ఉన్నప్పటికీ తెలుగులో ఆ ముసలి దొంగలైన ఎస్.వి. రంగారావు, నాగభూషణం సినిమాను తమ వెంట తీసుకుపోయారు. పాతికేళ్ళుగా మాంత్రికుడిగా, జమీందారుగా, ఘటోత్కచుడిగా చూసిన రంగారావును చిల్లర దొంగగా చూడటంలోనే ఒక తమాషా. ఆయనకు ఇమేజ్ కాపాడుకునే బాధ లేదు. యాభై దాటిన క్యారెక్టర్ నటుడు ఎవరి సొత్తయినా నిశ్చింతగా కాజేయగలడు, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

తారలు ఎంతమంది ఉన్నా కథను నిలబెట్టలేకపోయిన ఉదాహరణ కావాలంటే 1978 నాటి ‘షాలిమార్’ ఉంది. ఒక దీవిలో రత్నం, దాన్ని కొట్టేయడానికి ఆహ్వానం అందుకున్న ఘరానా దొంగలు. ధర్మేంద్ర, జీనత్ అమన్‌లకు తోడు హాలీవుడ్ నుంచి రెక్స్ హారిసన్, జాన్ శాక్సన్. ఆర్.డి. బర్మన్ సంగీతం నిలిచింది, సినిమా నిలవలేదు.

1991 తెలుగు దొంగ కథలకు విచిత్రమైన సంవత్సరం. ఆ జనవరిలో యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వంలో చిరంజీవి ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’ వచ్చింది. అదే ఏడు సాగర్ దర్శకత్వంలో భానుచందర్ ‘స్టువర్టుపురం దొంగలు’ కూడా వచ్చింది. అప్పటికి ఆకాశమంత ఎత్తున ఉన్న తార నటించినది నిరాశపరిస్తే, చిన్న సినిమా బాగా ఆడింది. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. స్టూవర్టుపురం 1913లో సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో, నేరస్థ జాతుల చట్టం నీడలో వెలసిన సెటిల్‌మెంటు. ఒక ఊరి మీద తెల్లదొరలు వేసిన ముద్రను మన సినిమా పరిశ్రమ టైటిల్‌గా వాడుకుని సొమ్ము చేసుకుంది. ఈ జాబితాలో అసలైన దోపిడీ ఏదైనా ఉందంటే అది కూడా ఒకటి.

ఆ అక్టోబరులోనే రాంగోపాల్ వర్మ ‘క్షణ క్షణం’ వచ్చింది. సినిమా బ్యాంకు దోపిడీతో మొదలవుతుంది, కానీ దోచింది వెంకటేశ్ కాదు. ముఠా సొమ్ము దాచిన చోటి గుట్టు తెలియకుండానే ఒక మామూలు ఉద్యోగిని చేతికి చిక్కుతుంది. ఆమె శ్రీదేవి, సరదా దొంగ వెంకటేశ్, వెనక పరేశ్ రావల్ ముఠా. వర్మ ఇద్దరు పెద్ద తారలను తీసుకుని వాళ్ళను దోపిడీ బయట నిలబెట్టి, దాని పర్యవసానం లోపలికి తోశాడు. శ్రీదేవి ఈ పాత్రలో అడవిలో కాలు జారే, భయపడే, ఆకలేసే అమ్మాయి. తారాబలం కథకు నిజంగా కలిసివచ్చిందంటే ఇక్కడే, ఎందుకంటే ఆ తార తన వెలుగును కాసేపు పక్కన పెట్టడానికి ఒప్పుకుంది. దోపిడీని మొదటి రీలులోనే ముగించేయడమన్న ఈ ఉపాయం తరవాత తెలుగు సినిమాకు బాగా అచ్చొచ్చింది.

భీమవరంలో పుట్టిన త్రివిక్రమ్ శ్రీనివాస్ 2012లో ‘జులాయి’ తీసినప్పుడు పట్టుకున్నదీ ఈ కొసనే. 1500 కోట్ల బ్యాంకు దోపిడీకి పథకం వేసేవాడు సోనూ సూద్. అల్లు అర్జున్ పేకాట, పందేల మీద బతకాలనుకునే తెలివైన కుర్రాడు. దారిలో లిఫ్ట్ అడిగి ఎక్కిన కారులో విన్న ముక్కలు జోడించి దోపిడీని ఊహించి పోలీసులకు చెప్పేస్తాడు. ఇక్కడ పథకం విలన్‌కు దక్కింది, పథకాన్ని చదివే తెలివి హీరోకు దక్కింది. రాజేంద్రప్రసాద్, కోట శ్రీనివాసరావు, తనికెళ్ళ భరణి, రావు రమేశ్, బ్రహ్మానందం, అందరికీ తలో నాలుగు మంచి మాటలున్నాయి. భీమవరం మనిషికి మాటల పంపకం చేతకాకుండా ఎలా ఉంటుంది! అయితే రెండో సగం మామూలు పగ కథగా మారిపోతుంది. దోపిడీ అయిపోయాక హీరో ఏం చేయాలన్న ప్రశ్నకు మన దగ్గర పాత సమాధానం ఒక్కటే సిద్ధంగా ఉంటుంది.

తారలు లేనిచోట ఏం జరిగిందో చూడటం కూడా న్యాయమే. 2003లో చంద్రశేఖర్ యేలేటి, నిర్మాత గుణ్ణం గంగరాజు కొత్త ముఖాలతో తీసిన ‘ఐతే’లో నలుగురు నిరుద్యోగులు ఒక డాన్ ముఠాతో తలపడతారు. ఎవరు గెలుస్తారో, ఎవరు పోతారో పోస్టరు చూసి చెప్పలేం. 2013లో సుధీర్ వర్మ ‘స్వామి రారా’లో అనంత పద్మనాభస్వామి ఆలయం నుంచి పోయిన వినాయక విగ్రహం చేతులు మారుతూ పోతుంది, దాని వెంట నిఖిల్, స్వాతి. సినిమా చకచకా సాగింది, ఆడింది. అదే దర్శకుడు 2015లో నాగచైతన్యతో ‘దోచేయ్’ తీస్తే ఆ ఊపు రాలేదు. హీరో పెద్దవాడయ్యాడు, మోసం చేసే పాత్రకు ఒక కుటుంబ కారణం కావలసి వచ్చింది. మళ్ళీ దొంగ రాముడి చెల్లెలి చదువే.

ఇందులో లెక్కల కోణం ఒకటుంది. తెలుగు సినిమా వ్యాపారంలో రాష్ట్రాలను నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని విడగొట్టి అమ్ముతారు. వెస్ట్ అంటే పశ్చిమ గోదావరి, అందులో భీమవరం మాటకు బరువెక్కువ. బయ్యరు సినిమాను కొనేనాటికి కథ చూడడు, హీరోను చూస్తాడు. పోయిన సినిమా షేరు ఎంత, ఓపెనింగ్ ఎంత. తార తన వాటా పనిని మొదటి ఆట పడకముందే, అడ్వాన్సు రూపంలో ముగించేస్తాడు. ఆ తరవాతి మూడు రోజులు కటౌట్లు, ఫ్లెక్సీలు చూసుకుంటాయి. నాలుగో రోజు నుంచి సినిమా తన కాళ్ళ మీద నడవాలి. పదకొండు మందికి సమానంగా పని పంచే కథను ఈ పద్ధతిలో అమ్మడం కష్టం, ఎందుకంటే బయ్యరు డబ్బు పెట్టింది ఒక్క ముఖం మీద.

2019 ఆగస్టు 30న విడుదలైన ‘సాహో’ ఈ విషయాన్ని తేటతెల్లం చేసింది. ప్రభాస్‌ది మొగల్తూరు కృష్ణంరాజు కుటుంబం. భీమవరం ఆయన్ను ఇంటి మనిషిగా చూసుకుంటుంది. ‘బాహుబలి’ రెండో భాగం వచ్చిన రెండేళ్ళకు, దేశమంతా ఎదురుచూస్తున్నప్పుడు యూవీ క్రియేషన్స్ దాన్ని తెలుగు, హిందీ, తమిళాల్లో తెచ్చింది. దర్శకుడు సుజీత్‌కు అది రెండో సినిమా. శ్రద్ధా కపూర్, జాకీ ష్రాఫ్, నీల్ నితిన్ ముఖేశ్, అరుణ్ విజయ్, మందిరా బేడీ, చంకీ పాండే, మహేశ్ మంజ్రేకర్, లాల్, మురళీ శర్మ... ఏ ప్రాంతపు ప్రేక్షకుడికైనా గుర్తుపట్టే ముఖం ఒకటైనా ఉండేలా కూర్చిన జాబితా.

కథకు ఇరుసు మాత్రం మంచిదే. ముంబయిలో 2000 కోట్ల దోపిడీ, దాన్ని తవ్వడానికి వచ్చిన పోలీసు అధికారి అశోక్ చక్రవర్తి. విరామం దగ్గర ఆ పోలీసే దొంగ అని తేలుతుంది, దొంగ అనుకున్నవాడు పోలీసు. పెద్ద తారను దొంగగా ఎవరూ అనుమానించరన్న ధీమాతో వేసిన మలుపు ఇది. తారాబలాన్ని కథా పరికరంగా వాడటం అంటే ఇదే. సోడర్‌బర్గ్ 2004లో ‘ఓషన్స్ ట్వెల్వ్’లో జూలియా రాబర్ట్స్ పాత్ర చేత జూలియా రాబర్ట్స్‌లా నటింపజేసి ఇలాంటి చిలిపి పనే చేశాడు. ‘సాహో’ అక్కడ ఆగి ఉంటే ఇంకో సంగతి. రెండో సగంలో మరో మలుపు వస్తుంది. ఆ దొంగ నిజానికి హత్యకు గురైన నేర సామ్రాజ్యాధినేత కొడుకు, వారసుడు. అంటే అతను కొట్టేసింది పరుల సొమ్ము కాదు, తన సింహాసనం. దొంగతనం ఆస్తి హక్కు దావాగా మారిపోయింది. 1955 నుంచి నడుస్తున్న బాకీనే ఇక్కడా తీర్చారు. అంతమంది నటులూ చివరికి ఆ పట్టాభిషేకానికి వచ్చిన అతిథులుగా మిగిలారు. అరుణ్ విజయ్, మందిరా బేడీ చేతిలో ఏ విద్యా లేదు, జట్టులో వాళ్ళకు అప్పగించిన పనీ లేదు. హిందీలో వసూళ్ళు బాగానే వచ్చాయి. తెలుగు రాష్ట్రాల్లో మొదటి రోజుల హోరు నిలవలేదు, ఎక్కువ ధరకు కొన్నచోట్ల నష్టం తప్పలేదు.

‘సాహో’ ఆ తేదీకి రావడంతో అప్పటికే అదే రోజుకు ప్రకటించుకున్న మరో దోపిడీ సినిమా పక్కకు తప్పుకుంది. విక్రమ్ కుమార్ తీసిన ‘నానీస్ గ్యాంగ్ లీడర్’ రెండు వారాలు ఆగి సెప్టెంబరు 13న వచ్చింది. ఇందులోనూ దోపిడీ మొదటి రీలులోనే అయిపోతుంది, ఒకడు తప్ప దొంగలంతా చచ్చిపోతారు. వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు, ముసలమ్మ నుంచి చిన్నపిల్ల దాకా, పగ తీర్చుకోవడానికి ఒక రచయితను పట్టుకుంటారు. నాని వేసిన ఆ పెన్సిల్ పార్థసారథి హాలీవుడ్ కథలను కాపీ కొట్టి నవలలు రాసేవాడు. ముఠాకు పెద్దదిక్కు లక్ష్మి, 1974లో ‘అందరూ దొంగలే’లో శోభన్‌బాబు పక్కన కథానాయికగా నటించిన ఆవిడే. నలభై అయిదేళ్ళ తరవాత ఆమెకు దక్కింది ఎస్.వి. రంగారావు వాటా.