ఒక్క మాట లేని దస్తావేజు

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో ఆయనకి కమిషన్ కొట్టు ఉండేది. కర్నూలు లారీ ఆగితే గోనెలోకి చెయ్యి పెట్టి ఒక పాయ తీసి, బొటనవేలితో నొక్కి రేటు చెప్పేసేవారు. అంత లెక్క తెలిసిన మనిషి ఇంటి కాగితం దగ్గర మాత్రం లెక్క చూసుకోలేదు.

2019లో, భార్యకి పక్షవాతం వచ్చిన ఏడాదే, మేడ కొడుకు పేరున దాన సెటిల్మెంట్ రాసేశారు. "ఎలాగూ వాడిదేగా మేష్టారూ" అన్నారు నాతో. డాక్యుమెంట్ రైటరు అలవాటు చొప్పున ‘ప్రేమాభిమానాలతో’ అని రాశాడు. ఈయన వేలిముద్ర వేసి, సిరా తలకి రాసుకుని, బయటికొచ్చి అందరికీ కాఫీ ఇప్పించారు.

నాలుగేళ్లకి మేడ అమ్ముడైంది. దంపతులు రెండు గదుల అద్దింటికొచ్చారు. ఆవిడని పక్కమీద తిప్పి, తుడిచి, తినిపించే మనిషికి నెలకి 15,000. మందులు వేరే. కొడుకు ఫోన్లు మొదట పొడిపొడిగా వచ్చేవి, తర్వాత రావడమే మానేశాయి.

కోర్టులో న్యాయసేవ వాళ్ల దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆడవాళ్లకి ఆదాయంతో నిమిత్తం లేకుండా లాయరుని ఉచితంగా ఇస్తారు కనక, దరఖాస్తు ఆవిడ పేరున పెట్టాం. లాయరమ్మ చిన్నపిల్ల. దస్తావేజులో లైను వెంట లైను వేలు జరుపుతూ చివరి పేజీ దాకా వెళ్లింది. మళ్లీ మొదటికొచ్చింది.

"పోషించాలన్న మాట ఎక్కడా లేదండీ తాతగారూ."

2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. చూసుకోవాలన్న షరతు మీద రాసిచ్చాక చూడకపోతే, ఆ దానం రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ తల్లి ఒకావిడకి అదే కోర్టు ఆస్తి తిరిగి ఇప్పించింది గానీ, అక్కడ కొడుకు రాసిచ్చిన హామీ పత్రం ఉంది. ఈయన దగ్గర ఉన్నది కాఫీల జ్ఞాపకం.

రాసిచ్చేటప్పుడే బతికున్నంతకాలం అనుభవ హక్కు అట్టేపెట్టుకోవచ్చు, లేదా వీలునామాతో ఊరుకోవచ్చు. అడిగితే చెప్పేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు, న్యాయసేవ వాళ్ల నంబరు 15100కి ఫోన్ చేసినా చెబుతారు. అడగాలని ఆయనకీ తోచలేదు, చదువుకున్న నాకూ తోచలేదు.

ఆర్డీవో దగ్గర పోషణ పిటిషన్ వేశాం. నెలకి 10,000 మించి ఇప్పించే వీలు చట్టంలో లేదు. ఆర్డరు వచ్చిన వారంలోనే ఆవిడ పోయింది. ఆయన ఆర్డరు కాగితాన్ని మడిచి, దస్తావేజు నకలుతో కలిపి పురికొసతో కట్టి అటక మీద పెట్టారు. మేడ గేటు మీద ఇప్పుడు వేరేవాళ్ల పేరుంది.