ఊరే పాఠ్యాంశమైన చదువు

సూరత్ నగరానికి దక్షిణాన, ముంబై రైలు మార్గంపై ఉన్న భేస్తాన్ పరిశ్రమలూ వలస కార్మికుల బస్తీలూ కలగలిసిన శివారు ప్రాంతం. మగ్గం పని కోసం తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా సూరత్‌లో స్థిరపడినందువల్ల, ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చింది. ఇటువంటి బస్తీలకు విద్యార్థులు వెళ్లి, అక్కడివారికి పనికివచ్చే పని చేస్తూ, ఆ పనినుంచే తమ శాస్త్రాన్ని నేర్చుకునే పద్ధతిని సేవాధారిత విద్య అంటారు. ఈ పేరు ఇటీవలిదే గాని, ఆచరణకు గుజరాత్‌లో దాదాపు నూరేళ్ల చరిత్ర ఉంది.

గాంధీజీ 1920లో అహ్మదాబాద్‌లో స్థాపించిన గుజరాత్ విద్యాపీఠంలో ఆర్థికశాస్త్రవేత్త జె.సి. కుమారప్ప 1929-30లో విద్యార్థులను వెంటబెట్టుకుని ఖేడా జిల్లా మాతర్ తాలూకాలోని 54 గ్రామాలను సర్వే చేశారు. రైతుల భూమి, రాబడి, అప్పు, శిస్తు భారం వంటి వివరాలను ఊరూరా సేకరించి క్రోడీకరించిన ఆ నివేదిక 1931లో వెలువడింది. విద్యార్థులకు అది ఆర్థికశాస్త్ర పాఠమైతే, శిస్తు విధానాన్ని ప్రశ్నించేవారికి ఆధారమైంది. దక్షిణ గుజరాత్‌లో, నాటి సూరత్ జిల్లాకు చెందిన వేడ్ఛీలో జుగత్‌రామ్ దవే ఆశ్రమం నెలకొల్పి, చేతిపనినీ చదువునూ ఒకటిగా చూసే నయీ తాలీమ్ పద్ధతిని ఆదివాసీ పిల్లల మధ్య ఆచరణలో పెట్టారు.

స్వాతంత్ర్యానంతరం రాధాకృష్ణన్, కొఠారీ విద్యా కమిషన్లు విద్యార్థుల సమాజసేవను సిఫారసు చేయగా, గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకాన్ని, అంటే నేడు ఎన్.ఎస్.ఎస్.గా అందరూ పిలిచే కార్యక్రమాన్ని, ప్రారంభించారు. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దాని చట్రం. అదే 1969లో సమాజశాస్త్రవేత్త ఐ.పి. దేశాయి సూరత్‌లో ప్రాంతీయ సమాజాన్ని పరిశోధించే కేంద్రాన్ని స్థాపించారు. ఒకే ఏడాది మొదలైన ఈ రెండు ప్రయత్నాల్లో మొదటిది సేవకూ, రెండవది పరిశోధనకూ పరిమితమయ్యాయి. మాతర్‌లో కలిసి నడిచిన ఆ రెంటినీ మళ్లీ ఒకే పాఠ్యక్రమంలోకి తెచ్చే పని చాలాకాలం వెనకబడింది.

ఆ లోటును పూడ్చే ప్రయత్నం ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. 2020-21 నుంచి అమలైన డిగ్రీ పాఠ్యప్రణాళికలో మొదటి ఏడాది ముగిశాక 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును తప్పనిసరి చేసి, సర్వేకూ అవగాహన కార్యక్రమాలకూ క్రెడిట్లు, అంటే పట్టాకు లెక్కకు వచ్చే పాయింట్లు, కేటాయించారు. అయితే క్రెడిట్ల కోసమే నింపిన ఫారం సేవా కాదు, చదువూ కాదు. భేస్తాన్ వంటి బస్తీలో మరమగ్గం కార్మికుడు ఎన్ని గంటల షిఫ్టు చేస్తున్నాడో, అతని రేషన్ కార్డు సొంతూరిలోనే ఉండిపోయిందో లేదో, పిల్లలు ఏ మాధ్యమంలో చదువుతున్నారో అడిగి రాసుకున్న విద్యార్థి, ఆ లెక్కలను తిరిగి ఆ బస్తీవారి చేతికే అందించి, వారి పని నెరవేరేదాకా వెంట ఉండాలి. విశ్వవిద్యాలయాలు మార్కులు వేయవలసింది ఆ ఫలితాన్ని చూసే.