టామ్ బ్రాడ్లీ

లాస్ ఏంజెలెస్‌కు వరుసగా ఐదుసార్లు, 1973 నుంచి 1993 దాకా మేయర్‌గా ఉన్న నాయకుడు (1917–1998). ఆ నగరపు తొలి నల్లజాతి మేయర్ ఈయనే. టెక్సస్‌లో పత్తి కౌలురైతుల ఇంట పుట్టారు. పోలీసు ఉద్యోగం చేస్తూనే రాత్రి తరగతుల్లో న్యాయశాస్త్రం చదివారు. లెఫ్టినెంట్ దాకా ఎదిగారు. 1969 మేయర్ ఎన్నికల్లో తనను ఓడించిన శామ్ యోర్టీనే 1973లో ఓడించారు.

ఆయన పేరు నిలిపింది 1984 ఒలింపిక్స్. ఒలింపిక్స్ నిర్వహించి మాంట్రియల్ అప్పులపాలైన తీరు చూసి నగరాలు జంకుతున్న రోజులవి. పన్నుల సొమ్ముపై భారం పడకుండా, ప్రైవేటు నిధులతో నడిచిన ఆ క్రీడలు 20 కోట్ల డాలర్లకు పైగా మిగిల్చాయి. 1982 కాలిఫోర్నియా గవర్నర్ ఎన్నికల్లో మాత్రం చాలా సర్వేలు గెలుపు ఖాయమన్నా, లక్షలోపు ఓట్ల తేడాతో ఓడారు. జాతి వివక్షను ఓటర్లు సర్వేల్లో దాచుకున్నారా అన్న చర్చ నేటికీ సాగుతోంది. 1992లో నగరంలో జరిగిన అల్లర్ల తర్వాత మేయర్ పదవికి మళ్లీ పోటీ చేయలేదు. లాస్ ఏంజెలెస్‌లో దిగే తెలుగువారిలో చాలామంది అడుగుపెట్టే అంతర్జాతీయ టెర్మినల్‌కు ఆయన పేరే పెట్టారు.